డొమైన్ మార్చిన వారం జానకికి వచ్చిన మెయిల్

నేను రిటైరైన రోజున పాడేరులో మా కాఫీ రైతుల సంఘం ఆఫీసులో శాలువా కప్పారు, మెడలో బంతిపూల దండ వేశారు, సెక్రటరీ గారు నన్ను పావుగంట సేపు పొగిడారు. అవన్నీ ఎవరికైనా జరిగేవే. ఆ తర్వాత పల్పింగ్ షెడ్డు తరఫున జానకి లేచింది. కాఫీ పళ్ళ తొక్క తీసి గింజ కడిగే షెడ్డు అది, ఆమె అక్కడ పని చేస్తుంది. మైకు ముందు నిలబడటం ఆమెకు అదే మొదటిసారి. దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనన్నట్టు మూరెడు దూరంలో నిలబడి మాట్లాడింది.

"ఈ బాబు మాకు ముందల ఫోను బాబు. ఆ తరవాత కంప్యూటరు బాబు. ఇన్నేళ్ళల్ల మా కొండోళ్ళకి వొచ్చిన కబురు ఒక్కటీ తప్పనీలేదు. వొస్తే వొచ్చిందని సెప్పినాడు, రాకపోతే రాలేదని సెప్పినాడు. అంతే బాబూ, నాకింక మాటలు రావు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. ఆమె చెప్పింది నిజం కాదని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆమెకే వచ్చిన కబురొకటి నేను పోగొట్టాను. దొరికాక దాచాను. నేను తల దించుకుంటే పెద్దాయన కళ్ళు తడిశాయనుకున్నారు. సిగ్గుతో చచ్చిపోవడం అంటారు కదా, ఆ మాటను అంతవరకు ఊరికే వాడేవాణ్ణి.

నా కుర్చీలోకి వచ్చినవాళ్ళు అంతకు ముందు వారమే ఒకటి అడిగారు. "డొమైన్ పేరును ఒక హోస్టు నుంచి ఇంకో హోస్టుకి తిప్పడం ఎలాగో రాసి పెట్టండి సార్, మళ్ళీ అవసరం పడితే మీరుండరు" అని. వాళ్ళు అడిగింది అర పేజీ. నేను రాస్తే ఇంత అయింది.

పీపీ పుస్తకం

మా నాన్న అనకాపల్లి వైపు నుంచి ఉప్పు, ఎండుచేపలు కొండ మీదికి తెచ్చి సంతల్లో అమ్మేవాడు. నాకు ఉప్పు మూటలు మొయ్యడం ఇష్టం లేక, తొంభైల మొదట్లో పాడేరు బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాను.

అప్పట్లో చుట్టుపక్కల కొండల మీద ఊళ్ళలో ఫోను ఎక్కడిది? అందరూ నా బూత్ నంబరునే తమ నంబరుగా చెప్పుకునేవారు. దరఖాస్తుల్లో ఆ నంబరు రాసి పక్కన 'పీపీ' అని పెట్టేవారు. ఫోను వాళ్ళది కాదు, చెబితే కబురు అందుతుంది అని దాని అర్థం. ఫోను రాగానే నేను పుస్తకంలో ఊరు, పేరు, సంగతి రాసుకునేవాణ్ణి. అటు వెళ్ళే జీపు డ్రైవరుకి చెప్పేవాణ్ణి, లేదా సంత రోజున మనిషి కనబడితే పిలిచి చెప్పేవాణ్ణి. చెప్పాక ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టేవాణ్ణి. టిక్కు లేని పేరు రెండు సంతలు దాటి ఉంటే నాకు అన్నం సయించేది కాదు. "రమణకి పెళ్ళాం పేరు మరుపొచ్చినా కబురు మరుపు రాదు" అని బస్టాండులో నన్ను ఏడిపించేవారు. నాకు అది బిరుదులాగే ఉండేది.

బూతుల రోజులు పోతున్నాయని అర్థమయ్యాక, నలభై దాటిన వయసులో విశాఖపట్నం వెళ్ళి కంప్యూటర్ నేర్చుకున్నాను. కాఫీ రైతుల సంఘం వాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. సంఘానికి ఒక వెబ్‌సైటు పెట్టాం. దానికో పేరు, ఆ పేరు మీద ఒకే ఒక్క ఈమెయిల్ అడ్రసు. అది కాఫీ కొనేవాళ్ళ కోసం పెట్టింది.

అయితే దరఖాస్తు ఫారాల్లో ఈమెయిల్ అనే గడి రావడం మొదలైంది. జనం ఆ గడిలో మా సంఘం అడ్రసు రాసేశారు. వాళ్ళకెవరూ చెప్పలేదు. హాస్టల్లో చదివిన పిల్లలు, అంగన్‌వాడీ పోస్టుకి పెట్టుకున్నవాళ్ళు, ఆఖరికి హుకుంపేట వైపు ఒక పాస్టరు గారు కూడా అదే రాశారు. ఫోను ఎవరిదో, నంబరు ఎవరిదో పట్టించుకోని ఊరికి మెయిల్ దగ్గర పట్టింపు ఎందుకుంటుంది? వచ్చినవాటిని ప్రింటు తీసి ఆ పాత పుస్తకంలోనే పెట్టి, సంత రోజున పిలిచి ఇచ్చేవాణ్ణి. టిక్కు మామూలే.

నగరంలో సర్వర్లు నడిపేవాళ్ళకి ఇది తెలియదు. ఒక మెయిల్ పెట్టె వెనక ఇన్ని ఊళ్ళు ఉంటాయని వాళ్ళు అనుకోరు. నాకు తెలుసు. అందుకే నాకు సాకు లేదు.

జానకి ముక్కు

హుకుంపేట దాటాక జీపు దిగి గంటన్నర నడిస్తే జానకి ఊరు వస్తుంది. ఈ సంగతి జరిగేనాటికి ఆమెకి పాతికేళ్ళ లోపే, చంకలో ఏడాది పిల్ల. సీజనులో షెడ్డులో పని చేసేది. కడిగిన గింజలు తొట్టిలో నానుతుంటే వంగి ఒక్కసారి వాసన చూసి, "ఇది సాలు బాబూ, ఇంక ఉంచితే పులిసిపోద్ది" అనేది. గడియారం చూసి చెప్పేవాళ్ళకంటే ఆ మాటే సరిగా ఉండేది.

ఒకసారి ఒక రైతు ఎండిన గింజల మూట తెచ్చాడు. అందరం బాగుందన్నాం. జానకి ముక్కు ముడిచి, "ఈ మూట పసుపు పక్కన పెట్టినారు" అంది. ఆ రైతు బుర్ర గోక్కున్నాడు. నిజమే, ఇంట్లో పసుపు కొమ్ముల బస్తాకి ఆనించి పెట్టాడట. కాఫీ గింజ పక్కనున్నదాని వాసన పట్టేస్తుంది. అంత సన్న వాసన మనిషి ముక్కుకి అందుతుందని నాకు అప్పుడే తెలిసింది.

నవ్వొచ్చే సంగతేమిటంటే, కొండల మీద కాఫీ పండించేవాళ్ళు కాఫీ తాగరు. పొద్దున్న లేస్తే రాగి అంబలే. జానకి మొదటిసారి కాఫీ తాగింది మా ఆఫీసులో. "ఓలమ్మో, సేదు. దీనికోసమేటి బాబూ ఇంత సాకిరీ?" అంది.

కర్ణాటకలో కాఫీ రుచి చూసేవాళ్ళకి శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటి ఉంది. పండించే ఇళ్ళ నుంచి ఒక మనిషిని తీసుకుని మూడు నెలలు నేర్పుతామని అక్కడి నుంచి ఒక మేడమ్ వచ్చింది. ముందుగా పరీక్ష పెట్టింది. వరసకి మూడు గ్లాసులు. రెండింట్లో ఒకే కాఫీ, ఒకదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో చెప్పాలి. అలాంటి వరసలు చాలా పెట్టింది. మా సెక్రటరీ గారు సరదాకి కూర్చుని రెండో వరసకే లేచిపోయారు. జానకి పిల్లని నా ఒళ్ళో పడేసి, కళ్ళు మూసుకుని, ఒక్కో గ్లాసు పుక్కిట పట్టి ఊసేస్తూ చివరిదాకా కూర్చుంది. మేడమ్ ఏమీ చెప్పలేదు, అన్నీ రాసుకుని కవర్లో పెట్టి అంటించింది. ఇలాగే ఇంకా కొన్ని చోట్ల పరీక్ష పెట్టాక ఫలితం మెయిల్‌లో పంపుతామంది.

ఫారంలో ఈమెయిల్ గడి దగ్గర జానకి నా వైపు చూసింది. నేనే నా చేత్తో మా సంఘం అడ్రసు రాశాను. అలవాటుకొద్దీ పక్కన 'పీపీ' అని కూడా రాశాను. మేడమ్ అదేమిటని అడిగింది. గర్వంగా చెప్పాను.

"వొస్తాదేటి బాబూ?" అంది జానకి బయటికి వచ్చాక.

"వస్తే నీకు చెప్పకుండా ఉంటానా?" అన్నాను.

తెలుసండీ

అదే నెలలో మా వెబ్‌సైటుని కొత్త హోస్టుకి మార్చాం. పాత హోస్టు విశాఖపట్నంలో సూర్యారావు గారు. ఒక గది, రెండు మిషన్లు, ఒక పెద్ద బ్యాటరీ, ఆయన. సైటు నెమ్మదిగా తెరుచుకునేది. మా సెక్రటరీ గారికి ఓపిక తక్కువ. "ఏటి రమణా ఇది, ఫొటో పైనుంచి కిందకి దిగేలోపు బజ్జీలు వేయించుకొచ్చీయొచ్చు. మార్చీయ్!" అన్నారు. మార్చడానికి అంతకంటే పెద్ద కారణం లేదు.

సూర్యారావు గారు ఒక్క మాట అనలేదు. డొమైన్ మా సంఘం పేరు మీదే కొని ఉంచారు. ఆ రోజుల్లో చాలామంది తమ పేరు మీదే పెట్టుకుని, వదిలి వెళ్ళేవాణ్ణి ముప్పుతిప్పలు పెట్టేవారు. ఈయన పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇచ్చేశారు. నాలుగు రోజులాగి తనే ఫోన్ చేశారు.

"రమణ గారూ, సైటొక్కటే మారుస్తున్నారా, మెయిల్ కూడానా అండీ? నేమ్ సర్వర్లు మార్చేస్తే మెయిల్ కూడా అటే పోతాది. మెయిల్ నా దగ్గరే ఉంచుకుంటానంటే కొత్తవాళ్ళ దగ్గర ఎం ఎక్స్ రికార్డు నా వైపు పెట్టించండి. లేదంటే అక్కడ పెట్టె తయారు చేసుకున్నాకే మార్చండి."

"తెలుసండీ" అన్నాను.

నాకు తెలియదు. ఎం ఎక్స్ అనే మాట పుస్తకంలో చూశాను, అంతే. పల్లెటూరి కంప్యూటర్ మనిషికి పాఠం చెబుతున్నాడనిపించి రోషం వచ్చింది. "ఏమిటండీ అది, కాస్త చెప్పండి" అని ఉంటే ఆయన ఓపిగ్గా చెప్పేవారు. నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను. తెలియనప్పుడు తెలుసండీ అనకండి. ఆ ఫోన్ కాల్ గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కొత్తవాళ్ళ కోసం ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. డొమైన్ అంటే పేరు. హోస్టు అంటే ఆ పేరుగల మనిషి ఉండే ఇల్లు. ఫలానా వారి ఇల్లెక్కడ అని అడిగితే చూపించేది నేమ్ సర్వర్. నేమ్ సర్వర్లు మార్చామంటే దారి చెప్పే మనిషినే మార్చేశామన్నమాట. పాత మనిషి దగ్గర రెండు చీటీలున్నాయి. చూడటానికి వచ్చేవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో ఒకటి, ఉత్తరాలు ఎక్కడ వెయ్యాలో ఇంకొకటి. ఆ రెండో చీటీయే ఎం ఎక్స్. కొత్త మనిషికి మీరు ఆ చీటీ ఇవ్వకపోతే అతను ఉత్తరాలను కూడా తన ఇంట్లోనే పడేసుకుంటాడు. పైగా మార్పు లోకమంతటికీ ఒక్కసారే తెలియదు. ఒకటి రెండు రోజులు కొందరు పాత దారినే వస్తుంటారు.

నేను డొమైన్ పేర్లు నమోదు చేసే రిజిస్ట్రార్ పేజీ తెరిచి, పాత నేమ్ సర్వర్ల పేర్లు రెండూ చెరిపి కొత్తవి రెండు కొట్టాను. పది నిమిషాల పని. మర్నాటికి మా సైటు కొత్త ఇంట్లో తెరుచుకుంది. కాఫీ పళ్ళ ఫొటో టపీమని వచ్చింది. సెక్రటరీ గారు నా భుజం తట్టి, "కనబడతంది కదా, ఇంకేటి? అయిపోయినట్టే" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తెర మీద కనబడితే పని అయిపోయిందనుకోవడం అధికారులకి చెల్లుతుంది. చేసేవాడికి చెల్లదు.

కొత్త ఉత్తరాలు లేవు

మా ఆఫీసు కంప్యూటర్లో మెయిల్ తెచ్చే ప్రోగ్రాం సూర్యారావు గారి మిషన్ పేరు మీదే పెట్టి ఉంది. నేను దాన్ని మార్చలేదు. ఆయన మా ఖాతా వెంటనే తీసెయ్యలేదు. కాబట్టి ఏ తప్పూ చూపించలేదు. రోజూ టెలిఫోన్ లైను కలిపి నొక్కితే, పాత పెట్టె దాకా వెళ్ళి చూసి వచ్చి, కొత్త ఉత్తరాలు లేవు అని మర్యాదగా చెప్పేది. మొదటి రెండు రోజులు పాత దారిన ఒకటీ అరా వచ్చాయి కూడా. దాంతో ఉన్న అనుమానం కాస్తా పోయింది. తర్వాత ఏమీ రాలేదు. సీజను అయిపోయిందిలే అనుకున్నాను. లాటరీ తగిలిందనీ, మందులు కొనమనీ వచ్చే చెత్త మెయిళ్ళు కూడా ఆగిపోయాయి. కొత్త హోస్టు మంచిదయ్యా, చెత్త రానివ్వదు అని మురిసిపోయాను. ఇంత తెలివితక్కువతనం రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఒక సంతని పాత మైదానం నుంచి వాగు అవతలికి మార్చారు. మా నాన్న దుకాణం కొత్త చోట పెట్టి, నన్నొక ఉప్పు బుట్టతో పాత మైదానంలో మూడు వారాలు కూర్చోబెట్టాడు. నేను విసుక్కుంటే, "సంత మారిందని మనకి తెలుసు. కొండ దిగొచ్చీవోడికి ఎవుడు సెప్పాడ్రా?" అన్నాడు. వచ్చినవాళ్ళకి నాలుగు గింజలు ఉప్పు చేతిలో పెట్టి కొత్త చోటికి దారి చూపించడం నా పని. రెండు చోట్లా మనిషి ఉండాలని చదువులేని ఆయనకి తెలుసు. నేను ఒక్క పాత మైదానంలోనే బుట్ట పెట్టుకుని కూర్చున్నాను. సంతంతా వాగు అవతల జరుగుతోంది.

జానకి వరసగా నాలుగు సంతలకి వచ్చి అడిగింది. పిల్లని చంకనేసుకుని, తడి కాళ్ళతో గుమ్మం బయటే నిలబడి, "వొచ్చినాదేటి బాబూ?" అనేది. నేను ఆమె ముందే నొక్కి చూపించేవాణ్ణి. "రాలేదమ్మా, వస్తుందిలే." ఆ నాలుగు సార్లూ నాకు నిజంగా తెలియదు.

నాలుగో సంత దాటిన రెండు రోజులకి కాఫీ కొనేవాళ్ళెవరో ఫోన్ చేసి, మెయిల్ పంపితే జవాబు లేదేమిటని సెక్రటరీ గారిని నిలదీశారు. సూర్యారావు గారి మాట అప్పుడు గుర్తొచ్చింది. కొత్త హోస్టు వాళ్ళకి ఫోన్ చేస్తే, "మీరు పెట్టె తయారు చెయ్యకపోతే అన్నీ ఖాతా పేరు మీద ఉండే మామూలు పెట్టెలో పడతాయి, చూసుకోలేదా?" అన్నారు. తెరిచాను. అన్నీ అందులో ఉన్నాయి. లాటరీలు, మందులు, కాఫీ కొనేవాళ్ళవి, పాస్టరు గారికి ఒకటి. వాటి మధ్యన జానకి పేరు.

ఇంగ్లీషులో ఉంది. మిమ్మల్ని శిక్షణకు ఎంపిక చేశాం, పది రోజుల్లోగా ఒప్పుకుంటున్నట్టు జవాబివ్వండి, ఫలానా తేదీన వచ్చి చేరండి అని రాశారు. చేరాల్సిన తేదీ దాటి నాలుగు రోజులైంది. దాని మీద ఇంకో మెయిల్ ఉంది. మీ నుంచి జవాబు లేనందువల్ల ఆ సీటు మరొకరికి ఇచ్చాం అని.

ఐదో సంత

ఆ మేడమ్ ఫోన్ నంబరు ఉత్తరం కిందనే ఉంది. ఆమెకి ఫోన్ చేసి తప్పు నాదని చెబితే, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా తీసుకునేదేమో. చెయ్యలేదు. ఫోను సెక్రటరీ గారి గదిలో ఉంది. ఆయన వింటుండగా చెప్పాలి. నా ఉద్యోగం పోదు, ఆ భయం లేదు. పోయేది కబురు తప్పని మనిషి అన్న పేరు. ఆ పేరు కోసం నోరు మూసుకున్నాను.

మెయిల్ ప్రింటు తీశాను. ఇద్దామనే తీశాను. పీపీ పుస్తకంలో పెట్టాను. సంత రోజున జానకి వచ్చింది. "వొచ్చినాదేటి బాబూ?" అంది. పుస్తకం నా మోచేతి కింద ఉంది.

"రాలేదమ్మా" అన్నాను.

"ఇంక రాదులే బాబూ. నీకూ ఊరికే సెరమ" అని, కొంగులోంచి సీతాఫలమంతేసి నిమ్మకాయలు రెండు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ముందు నాలుగు సార్లు నేను చేసింది తప్పు. ఐదోసారి చేసింది పాపం. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళు ఈ పనిలోకి రావద్దు.

ఇక కాఫీ మెయిళ్ళ సంగతి సెక్రటరీ గారు అడిగితే, "పాత హోస్టాయన సరిగా అప్పగించలేదండీ" అన్నాను. నోట్లోంచి అంత సులువుగా వచ్చేసింది. ఆయన ఆ మాట పదిమంది దగ్గర అన్నారు. కొన్నాళ్ళకి సూర్యారావు గారు ఫోన్ చేశారు. "మెయిల్ నేను చెడగొట్టానని అంటున్నారటండీ, మీరేనా అన్నది?" అని అడిగారు. గొంతులో కోపం లేదు. "లైను సరిగా వినబడటం లేదండీ" అని పెట్టేశాను.

తర్వాతి సీజనులో జానకి షెడ్డుకి వచ్చింది గానీ తొట్ల దగ్గరికి రావడం మానేసింది. తొక్క తీసే మిషన్ దగ్గర పని అడిగి తీసుకుంది. ఎవరైనా మూట వాసన చూడమంటే నవ్వి తల అడ్డంగా ఊపేది. నేను గమనించాను. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

అడిగిన అర పేజీ

రిటైరయ్యాక ముందు విశాఖపట్నం వెళ్ళాను, సూర్యారావు గారికి చెబుదామని. ఆ గదిలో ఇప్పుడు జిరాక్స్ షాపు ఉంది. ఆయన పోయి ఏడాది దాటిందన్నారు. షాపు ముందు కాసేపు నిలబడి వచ్చేశాను. చెప్పాల్సినవాళ్ళు మనం ధైర్యం తెచ్చుకునే దాకా కూర్చుని ఉండరు.

కొత్తవాళ్ళు అడిగింది ఇదిగో. ముందుగా డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. పాత చోట ఉన్న రికార్డులన్నీ కాగితం మీదికి ఎత్తుకోండి, సైటుది ఒక్కటే కాదు. మెయిల్ ఎక్కడ ఉండాలో తేల్చుకుని, కొత్త చోట అయితే పెట్టెలు ముందే తయారు చేసి, ఆ తర్వాతే నేమ్ సర్వర్లు ముట్టుకోండి. మార్చాక బయటి అడ్రసు నుంచి ఒక మెయిల్ పంపి అది ఎక్కడ పడిందో కళ్ళతో చూడండి. రెండు పెట్టెలూ కొన్ని వారాలు చూస్తూనే ఉండండి. మెయిళ్ళు రాకపోతే సంతోషించకండి, అనుమానించండి. ఏదైనా పోతే ఎవరిది పోయిందో వాళ్ళకి ఆ రోజే చెప్పండి. ఆలస్యంగా అందిన ఉత్తరం కూడా ఉత్తరమే. ఈ ఆఖరి వాక్యం నాకు ఎలా తెలిసిందో చెప్పి ముగిస్తాను.

వాకిట్లో

విశాఖపట్నం నుంచి వచ్చిన వారంలోనే హుకుంపేట జీపెక్కాను. దిగి గంటన్నర నడిచాను. జానకి వాకిట్లో రాగులు ఎండబోస్తోంది.

"ఏటి బాబూ, ఇంత దూరం నడిసొచ్చినావు? కబురెడితే నానే దిగొద్దును గదా" అంటూ మంచం వాల్చింది.

కూర్చోలేదు. పీపీ పుస్తకంలోంచి కాగితం తీశాను. మడతల దగ్గర చిరిగింది. "జానకీ, నీకు మెయిల్ వచ్చింది" అన్నాను.

"ఇప్పుడేటి?" అని నవ్వింది.

"ఇప్పుడు కాదు. అప్పుడే వచ్చింది, ఆ కాఫీ పరీక్షది. నిన్ను తీసుకున్నారు. నేను చూడాల్సిన చోట చూడలేదు. చూసేసరికి తేదీ దాటిపోయింది. ఆ తర్వాత నువ్వొచ్చి అడిగితే రాలేదని అబద్ధం చెప్పాను."

ఆమె అరచేత్తో రాగుల్ని పల్చగా నెరుపుతూనే ఉంది. మొహం నా వైపు తిప్పలేదు. "ఏటి రాసినారు అందుల?" అంది.

తెలుగులో చెబుతూ చదివాను. ఎంపిక చేశాం అన్నది చదివాను. తేదీ చదివాను. ఆ తర్వాత రెండో పేరాలో ఒక వాక్యం ఉంది. ఇన్నేళ్ళూ తేదీ మీదే నా కళ్ళు ఆగిపోయేవి గానీ దీన్ని పట్టించుకోలేదు. "పరీక్షకు కూర్చున్న అందరిలోనూ, అన్ని వరసల్లో వేరే కాఫీ ఉన్న గ్లాసును ఒక్క తప్పు కూడా లేకుండా గుర్తుపట్టింది మీరొక్కరే."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"తప్పు లేకుండానా?"

"ఒక్క తప్పు కూడా లేదు."

"నాను అన్నీ తప్పు సెప్పీసినాననుకున్నాను బాబూ. నా ముక్కు ఉత్తిదే, ఊళ్ళోవోళ్ళు ఊరికే మెచ్చుకుంతన్నారు, సదూకున్న మేడమ్ ముందల తేలిపోనాది అనుకున్నాను. మరింక ఏ మూట దగ్గిరికీ ఎల్లలేదు. సిగ్గేసింది."

సిగ్గేసిందట, ఆమెకి. నేను దాచింది ఒక సీటు అనుకుంటూ వచ్చాను. సీటు పోతే పోయింది, ఈ వాక్యం ఐదో సంత నాడు చెప్పినా ఆమెకి అందేది. నేను పడాల్సిన సిగ్గు ఇన్నేళ్ళు ఆమె పడేలా చేశాను. క్షమించమని అడగాలని దారంతా కూర్చుకున్న మాటలు ఇంక ఎత్తలేదు.

"ఆ ముక్క ఇంకోపాలి సదువు" అంది.

చదివాను.

లోపలికి చూసి కేక వేసింది. "ఒలే గుంటా, ఇటు రా. బాబు సదువుతాడు, ఇను." ఒకప్పుడు నా ఒళ్ళో పడేసిన ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. మూడోసారి చదివాను.

"ఎవుల గురించే అమ్మా?" అంది పిల్ల.

"నా గురించే" అంది జానకి.

నా చేతిలోంచి కాగితం తీసుకుని, చిరిగిన మడతల మీదే జాగ్రత్తగా మడిచి, జాకెట్లో పెట్టుకుంది. మళ్ళీ రాగుల ముందు కూర్చుంది. "ఇంక బేగి ఎల్లు బాబూ. జీపు ఎల్లిపోద్ది."

ఆ కొండల మీద ఏ ఇంటికి వెళ్ళినా దొప్పెడు అంబలి తాగించకుండా పంపరు. పగవాడైనా సరే. బూత్ రోజుల నుంచి నేను ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్ళానో, అన్నిసార్లూ తాగి వచ్చాను. ఆ రోజు అంబలి కుండ గుమ్మం పక్కనే ఉంది, మూకుడు మూసి. ఆమె దాని వైపు చూడలేదు. నేను అడగలేదు. గంటన్నర నడిచి జీపు దగ్గరికి వచ్చేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది.